దర్వాజ మీది బిళ్ల

సాయిబుల ఇల్లని ఎట్లా గుర్తుపడతారు? ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు. గుమ్మానికి వేలాడే పరదా, అరుగుకు కట్టేసిన మేక, ఆకుపచ్చ రంగు, దర్వాజ పైన 786 బిళ్ల. మొదటి మూడూ ఇప్పుడు తగ్గిపోయాయి. మేకను కట్టేయడానికి అరుగుల్లేవు. పరదాల చోట ఇనుప గ్రిల్లులొచ్చాయి. ఆకుపచ్చ రంగు నచ్చినవాళ్లంతా వేసుకుంటున్నారు. మిగిలింది ఆ బిళ్ల. ఆరంగుళాల పింగాణీ బిళ్ల. ఇల్లు బాగు చేయిద్దామని మొదలుపెట్టాక రెండు నెలలు మా ఇంట్లో పంచాయితీ నడిచింది దాని గురించీ, లోపలి గోడ మీద దాని తోబుట్టువుల గురించీ.

గోడలకు కొత్త టైల్స్ వేయించుకోవడం ఇంటి సంగతి కదా, దీన్ని అస్తిత్వం అనే పెద్దమాట కిందికి ఎందుకు లాగుతున్నారని అడిగేవాళ్లుంటారు. మాకు పెద్దమాటలన్నీ ఇట్లాంటి చిన్నచోట్లనే తగులుతాయి. పేరు చెప్పేటప్పుడు, టిఫిన్ డబ్బా మూత తీసేటప్పుడు, ఇల్లు కిరాయికి అడిగేటప్పుడు. సభల్లో కన్నా అక్కడే ఎక్కువ తగులుతాయి.

ఇల్లు అబ్బా 1983లో కట్టించింది. నల్లగొండలో. అబ్బా ఆర్టీసీలో మెకానిక్. కింద షాబాద్ బండలు, గోడలకు సున్నం, నెత్తిన స్లాబు. మా ఖాందాన్‌లో అదే మొదటి స్లాబిల్లు. ముందరి గదిని అమ్మీ దివాన్‌ఖానా అనేది, పక్కింటివాళ్లు హాలనేవాళ్లు. గదిలో కుర్చీలు లేవు. వచ్చినవాళ్లంతా దర్రీ మీద కూచుని గోడకు ఆనుకునేవాళ్లు. వాళ్ల తలల నూనె సున్నం గోడకంటి వరసగా నల్లటి మరకలు పడేవి. పెళ్లిచూపులకొచ్చిన ఒక పెద్దమనిషి ఆ మరకలకేసి అదోలా చూశాడట. మర్నెల జీతం రాగానే అబ్బా హైదరాబాద్ వెళ్లి తెల్లటి పింగాణీ బిళ్లలు కొని, డిపో బస్సులో సీట్ల కింద పెట్టించుకుని తెచ్చాడు. ఛాతీ ఎత్తు వరకు తెలుపు, పైన ఒక వరస ముదురాకుపచ్చ. వంటింటికీ స్నానాల గదికీ ఏమీ లేవు. టైల్స్ అంటే స్నానాల గది అనుకునే కాలం ఇంకా మా బస్తీకి రాలేదు. అవి చుట్టాలు ఆనుకునే గోడకు.

తెల్ల బిళ్లల మధ్య మూడు బొమ్మ బిళ్లలు ఉండేవి. ఒకటి కాబా. ఒకటి మదీనాలోని ఆకుపచ్చ గుమ్మటం. వాటికి కాస్త కిందగా పంజా. ఈ మూడోది దాదీ పట్టుబట్టి పెట్టించింది. పంజా అంటే చెయ్యి. ఐదు వేళ్లు ఐదుగురు: ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుసేన్. పీర్ల పండుగకు పీరు శిఖరాన మీరు చూసేది అదే. మేము సున్నీలం. అయినా దాదీ పుట్టిన ఊళ్లో పీర్లు లేని ఇస్లాం ఎవరికీ తెలియదు. ఐదుగురు ఆడపిల్లల తర్వాత పీరుకు మొక్కుకుంటే అబ్బా పుట్టాడని ఆమె లెక్క. ఆ లెక్కలో చర్చకు తావు లేదు. నాలుగో బొమ్మ బిళ్ల వీధి దర్వాజ పైన 786, కింద నెలవంక.

786 గురించి ముస్లిమేతర మిత్రులకు ఒక మాట. అది మంత్రమూ కాదు, ముఠా గుర్తూ కాదు. అరబీ అక్షరాలకు ఒక్కోదానికీ ఒక అంకె ఉంది. అబ్జద్ అంటారు. ‘బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం’ అక్షరాల అంకెలన్నీ కూడితే 786 వస్తుంది. అల్లా పేరున్న కాగితం చెత్తలో పడి కాళ్ల కింద నలగకూడదని ఉత్తరాల మీద, రసీదుల మీద అంకె వేసేవాళ్లు. ఒకరకంగా అదే కప్పిపెట్టడం. పేరును అంకె కింద దాచడం. మా దర్వాజ మీద ఆ దాచిన పేరే అందరికన్నా ముందు మమ్మల్ని పట్టిచ్చేది కావడం విడ్డూరం.

దాని మీద మొదటిసారి ముసుగు పడింది 1992 డిసెంబర్‌లో. బాబ్రీ మసీదును కూల్చిన రెండో రోజు రాత్రి పక్కింటి పెద్దాయన వచ్చాడు. తెలుగాయన, అబ్బాకు దోస్తు. ‘‘ఆ బిళ్ల మీద ఏదన్న కప్పు భాయ్, ఎవడెట్లుంటడో తెల్వది’’ అన్నాడు. అబ్బా మాట్లాడకుండా మైదాపిండి ఉడికించి, ఆ రోజు తెలుగు పేపరు అంటించాడు. ఎనిమిది రోజులు మా ఇంటి నొసటన పేపరుంది. తొమ్మిదో రోజు అబ్బాయే తడిగుడ్డతో తుడిచేశాడు. మా వీధిలో ఏమీ కాలేదు. పెద్దాయన ప్రేమతోనే చెప్పాడు. ఆ ప్రేమను మేము ఎప్పుడూ తక్కువ చేయలేదు. కానీ ప్రేమ కూడా మమ్మల్ని కప్పుకోమనే చెప్పిందన్నది గుర్తుండిపోయింది.

తర్వాత మేము బి.ఎ. చదివి, ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు అన్న లెక్కతో పత్రికల్లోకొచ్చాం. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక పోలీసులు పట్టుకుపోయిన పిల్లల ఇళ్ల ఫోటోలు డెస్కు మీదికొచ్చేవి. పిల్లాడు లేని ఇల్లు ఏం చూపిస్తుంది? దర్వాజ. దర్వాజ మీద 786. ఫోటోలో ఇంకేమీ లేకపోయినా ఆ బిళ్ల పడితే చాలు, ఫోటో ‘మాట్లాడుతోంది’ అనేవాళ్లు. అట్లా మాట్లాడించిన పత్రిక పేరు ఇక్కడ అక్కర్లేదు. అన్నీ అంతే. ఆ పిల్లల్లో చాలామంది తర్వాత కోర్టులో నిర్దోషులుగా బయటికొచ్చారు. అప్పుడు ఇళ్ల ఫోటోలు వేయలేదు.

ఇప్పటి సంగతికొస్తాం. అబ్బా పోయాడు. తమ్ముడు పదిహేనేళ్లు రియాద్‌లో చేసి తిరిగొచ్చాడు. అతని పెద్దకూతురికి సంబంధాలు చూస్తున్నారు. ఇల్లు పాతబడింది. తెల్ల బిళ్లలు పచ్చబారాయి, కొన్నిటికి గీతలు పడ్డాయి, సందుల్లో సిమెంటు రాలింది. కింద గోడలకు పెద్ద టైల్స్, పైన ఒక వాటా వేసి కిరాయికివ్వడం అని ఇంట్లో అనుకున్నాం. డబ్బు తమ్ముడిది. కాబట్టి మాట కూడా సగానికి పైన అతనిదే.

మొదట బ్రోకర్ వచ్చాడు. పైవాటా చూసి మెచ్చుకున్నాడు. గాలి, వెలుతురు, నల్లా కనెక్షన్. కిందికొచ్చి చెప్పులేసుకుంటూ తలెత్తి, ‘‘అన్నా, ఇదొక్కటి తీపిచ్చుండ్రి. లేకుంటే మీవాళ్లే రావాలె. మీవాళ్లయితే కిరాయి అంత రాదు’’ అన్నాడు. తిట్టినట్టు కాదు. కరెంటు మీటరు వేరే పెట్టించండి అన్నట్టే. ఇందులో కొత్తేముంది? సచార్ కమిటీ 2006 నాటి నివేదికలోనే ముస్లింలకు కోరుకున్నచోట ఇల్లు కొనడం, అద్దెకు దొరకడం కష్టమవుతోందని రాసింది. హైదరాబాద్‌లో మేము ఇల్లు వెతికినప్పుడు ఫోన్‌లో అంతా బాగానే ఉండేది. మా తెలుగు అట్లాంటిది. చివర్న పేరడిగేవాళ్లు. చెప్పాక కాసేపు చప్పుడుండదు. తర్వాత, ‘‘అయ్యో, మీ తెలుగు వింటే అనుకోలేదండీ’’ అని, ఇల్లు నిన్ననే అయిపోయిందని. మెచ్చుకోలు, వెళ్లగొట్టడం ఒకే వాక్యంలో.

బ్రోకర్ పోయాక తమ్ముడు ఎగిరిపడతాడనుకున్నాం. అతను శాంతంగా, ‘‘తీసేయాల్సిందే భాయ్’’ అన్నాడు. కారణం వేరు. 786 దీన్‌లో లేదు, ప్రవక్త కాలంలో ఎవరూ రాయలేదు, రాస్తే బిస్మిల్లా పూర్తిగా రాయాలి. ఇక లోపలి పంజా సంగతి అడగనే అక్కర్లేదు. షిర్క్. అల్లాకు సాటి నిలబెట్టడం. ఆ గోడ ముందు నమాజ్ ఎట్లా చేస్తున్నారు ఇన్నాళ్లు? కూతురికొచ్చే సంబంధంవాళ్లు జమాత్‌లో తిరిగేవాళ్లు, చూస్తే ఏమనుకుంటారు?

ఇదీ మా ఇంట్లో జరిగింది. ఒకాయన మేము మరీ ముస్లింలలా కనిపిస్తున్నామని కప్పమన్నాడు. ఇంకొకతను మేము చాలినంత ముస్లింలలా కనిపించడం లేదని కప్పమన్నాడు. చూపించింది ఒకే బిళ్లను. ఇద్దరికీ ఒకే మేస్త్రీ చాలు.

ఇద్దర్నీ ఒకే గాటన కట్టడం లేదు. బ్రోకర్ వెనకున్న బలం వేరు, తమ్ముడి వెనకున్న భయం వేరు. ఎడారి ఎండలో పదిహేనేళ్లు పనిచేసి ‘నువ్వెవరు’ అన్న ప్రశ్నకు అక్కడ దొరికిన ఒక్క శుభ్రమైన జవాబును వెంట తెచ్చుకున్నాడు. ఆ జవాబులో దాదీ లేదు, దాదీ ఊరు లేదు, పీర్లకు దట్టీలు కట్టిన గొల్లలు, సాకలివాళ్లు, మాదిగలు లేరు. తెలంగాణలో ఎన్నో పల్లెల్లో పీర్లనెత్తుకునేవాళ్లు, అలావా చుట్టూ ఆడేవాళ్లు చాలావరకు ముస్లిమేతరులే. వాళ్లందర్నీ తీసేస్తే మిగిలే ఇస్లాం ఎక్కడిదైనా కావచ్చు, మాది మాత్రం కాదు. మేము అరబ్బుల తప్పుడు నకలు కాము. ఇక్కడి మట్టిలో కాలిన బిళ్లలం.

మట్టి, కాల్చడం అన్నాం కాబట్టి ఒక పాత గోడ గురించి చెప్పాలి. పత్రిక పని మీద చాలాసార్లు బాద్‌షాహీ ఆషుర్‌ఖానాకు వెళ్లాం. చార్మినార్‌కు ఎక్కువ దూరం లేదు, పత్థర్‌గట్టీ పక్కన. చార్మినార్ కట్టిన మూడేళ్లకు, 1594లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. లోపలి గోడంతా పింగాణీ ముక్కల పని. పసుపు, నీలం, ఆకుపచ్చ. నడిమి గోడ మీద ఆలములు, అంటే పీర్లు, మంటల్లా ఎగసే రేకులతో. ఈ పనిని కాశీకారీ అంటారు. మా డెస్కులో ఒకాయన కాశీ యాత్రతో ఏదో సంబంధం ఉందనుకుని సంతోషించాడు. కాశీ కాదు, ఇరాన్‌లో కాషాన్ అని ఊరు, పింగాణీ పలకలకు పేరుమోసింది. దాని పేరు మీద వచ్చిన మాట.

1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాక అక్కడ మొహర్రం ఆగిపోయింది. మళ్లీ నిజాం అలీఖాన్ కాలంలోనే తెరిచారు. 1908 మూసీ వరద నీళ్లు అక్కడిదాకా వచ్చి కింది వరసల పలకలను పాడుచేశాయి. ఆ చోట తర్వాత గచ్చు చేసి, పలకల్లాగే కనిపించేట్టు రంగు వేశారు. కింద నిలబడి చూస్తే ఎక్కడ పలక ఆగి ఎక్కడ రంగు మొదలైందో తెలిసిపోతుంది. పలక మెరుస్తుంది, రంగు మెరవదు. అయినా ఆ రంగు వేసినవాళ్లంటే మాకు గౌరవం. పోయిందాన్ని పోయిన ఆకారంలోనే నిలబెట్టాలనుకున్నారు. కప్పేయడంలో రకాలున్నాయి మరి.

ఇది చెప్తే తమ్ముడు ఫోన్‌లో ఇస్తాంబుల్ వీడియో చూపించాడు. అయా సోఫియా 2020 జూలైలో మళ్లీ మసీదైంది కదా, నమాజ్ వేళ మేరీమాత బొమ్మకు తెర కడుతున్నారు, చూడు అన్నాడు. నిజమే. కానీ ఆ బొమ్మ తెర కట్టేంత బాగా ఎట్లా మిగిలింది? చర్చిని మసీదు చేసిన పాత తుర్కులు బొమ్మల్ని చాలావరకు పొడిచి రాల్చలేదు, వాటి మీద సున్నం గచ్చు చేశారు. 1931 నుంచి గచ్చు మెల్లగా గీకితే కింద బంగారు ముక్కలు బయటపడ్డాయి. మేము అతనితో అన్నది ఇదొక్కటే: కప్పాలంటే కప్పు, ఉలి పెట్టకు.

ఉలి ఎందుకంటే, పాత బిళ్లల మీద కొత్తవి వేసే పద్ధతే అది. మేస్త్రీ ముందు ప్రతి బిళ్లనూ సుత్తె కాడతో తట్టి వింటాడు. ఖణేల్‌మంటే గట్టిది. డొల్లుమంటే వెనక సిమెంటు వదిలేసింది, దాన్ని ఊడబీకుతాడు. గట్టివాటికి ఉలితో గాట్లు పెడతాడు. పింగాణీ నునుపు మీద గమ్ము నిలవదు, మెరుపు చెడగొడితేనే పట్టు దొరుకుతుంది. ఆ మీద గమ్ము పూసి రెండడుగుల టైల్ అతికిస్తాడు. గోడ అర అంగుళం పైన ముందుకొస్తుంది. స్విచ్చుబోర్డులు లోతుకు పోతాయి, దర్వాజ చౌకట్ గోడలో మునిగినట్టవుతుంది. పాతవన్నీ ఊడగొట్టి మొదట్నుంచి చేసుకుంటే పని గట్టిగా ఉంటుంది గానీ చెత్త, దుమ్ము, కూలి రెట్టింపు. అందుకే జనం మీద నుంచి వేసేస్తున్నారు.

కొత్త టైల్స్ గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చాయి. దేశంలో ఎక్కువ టైల్స్ అక్కడివే. షాపులో ఒక గోడకంతా దేవుళ్లు. వెంకటేశ్వరస్వామి, ఏసుప్రభువు, మక్కా, సాయిబాబా, అన్నీ ఒకే సైజు, ఒకే రేటు. ఈ మూడు మతాల బిళ్లలు కలిపి కొనేవాళ్లున్నారా అని అడిగితే, చాలామంది అన్నాడు షాపాయన. ఎందుకో మీకు తెలుసు. ప్రహరీ గోడ మీద ఎవరూ మూత్రం పోయకుండా. దేశంలో సర్వమత సమభావం చెక్కుచెదరకుండా నిలబడ్డ చోటు అదే. అక్కడ మక్కా బిళ్లను చూసి ఏ బ్రోకరూ అభ్యంతరం చెప్పడు.

మేస్త్రీది పాలమూరు దిక్కు. మూడు రోజుల్లో రెండు గోడలు గాట్లు పెట్టేశాడు. కాబా, గుమ్మటం బిళ్లల్ని తమ్ముడే ముందే జాగ్రత్తగా ఊడదీయించి బీరువాలో పెట్టాడు. వాటి మీద సుత్తె పడకూడదన్న పట్టింపు అతనికీ ఉంది. మిగిలింది పంజా. అది ఊడలేదు. నలభై ఏళ్ల సిమెంటు. మేస్త్రీ ఒకటికి రెండుసార్లు అంచున ఉలి ఆనించి, తీసి కింద పెట్టాడు. ‘‘ఇది పీరు సార్. మా ఊళ్లె మా నాయిన పీరునెత్తుకుంటుండె. కొడితె పలుగుతది. నేనైతె సుత్తె వెయ్య, ఇంకెవల్నన్న పిలుసుకోండ్రి’’ అన్నాడు. తమ్ముడు మా వైపు తిరిగి ఉర్దూలో, ‘‘ముసల్మాన్ హమ్ హై యా యే?’’ అన్నాడు.

ఇక్కడిదాకా చదివిన లౌకిక మిత్రులు సంబరపడతారని తెలుసు. గంగా జమున అంటారు, కుతుబ్‌షాహీలంటారు, ఈ ముక్కొకటి వేదిక మీద చెప్పుకోవడానికి బాగుంటుంది. అంత తొందర వద్దు. ఆ మేస్త్రీ ఉండే బస్తీలో మావాళ్లకు ఇల్లు కిరాయికివ్వరు. ఆ సంగతి మాకు చెప్పింది కూడా ఆయనే, చాయ్ తాగుతూ, ఏ దాపరికం లేకుండా. పీరు మీద భక్తి, పీరు మనుషుల మీద అనుమానం ఒకే మనిషిలో సుఖంగా ఉండగలవు. మాకు ఆ రెండూ తెలుసు కాబట్టే దేనికీ పొంగిపోం.

తగువు తెంపింది అమ్మీ. ఆమె అత్తగారితో ముప్ఫై ఏళ్లు పడలేదు. పంజా మీద ఆమెకు భక్తి ఉన్నట్టు మేమెప్పుడూ చూడలేదు. కొంగు సరిచేసుకుని, ‘‘మై మరే బాద్ తుమారే దిల్‌కు ఆయా సో కర్లేవ్’’ అంది. నేను పోయాక మీ ఇష్టం. అంతవరకు అత్తగారి చెయ్యి ఉన్నచోటనే ఉంటుంది.

మేస్త్రీ కొత్త టైల్‌ను ఆ బిళ్ల కొలతకు కోసి చుట్టూ అతికించాడు. అర అంగుళం లోతులో పంజా చిన్న తాఖ్‌లో పెట్టినట్టు కూచుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఇదేదో డిజైన్ అనుకుంటున్నారు. తమ్ముడికి మనసొప్పలేదు. ఆ మీద ఆయతుల్ కుర్సీ ఫ్రేము తగిలించాడు. సరిగ్గా సరిపోయేట్టు కొలిచి తెచ్చాడు. మొహర్రం నెల పుట్టగానే అమ్మీ ఫ్రేము తీసి గోడకు ఆనించి పెడుతుంది. పదో రోజు దాటాక తమ్ముడు మళ్లీ తగిలిస్తాడు. ఒకరినొకరు ఏమీ అనుకోరు. అతని కూతురి సంబంధం కుదిరింది. వాళ్లు ఫ్రేమునే చూశారు.

వీధి దర్వాజ మీది బిళ్ల విషయంలో మాత్రం మేము ఒప్పుకోలేదు. తమ్ముడి అభ్యంతరం ఒక్కటే అయితే ఆలోచించేవాళ్లం. అది మా ఇంటి లోపలి తర్కం, మా భాషలో మేము తెంపుకోగలం. ఆ 786 పక్కన బిస్మిల్లా పూర్తిగా రాయిద్దామని కూడా అన్నాం. కానీ కిరాయి కోసం దింపితే రేపు పేరు కోసం అడుగుతారు, ఎల్లుండి వంటింటి వాసన కోసం అడుగుతారు. అబ్బా మైదాపిండితో అంటించాడంటే అది ఎనిమిది రోజుల పిండి. మేము వేయబోయింది గమ్ము. కంపెనీవాళ్లే ఏళ్ల తరబడి గ్యారంటీ ఇస్తారు.

బ్రోకర్ మళ్లీ రాలేదు. పైవాటా ఆరు నెలలు ఖాళీగా ఉంది. తమ్ముడు ప్రతి నెల ఒకటో తారీఖున పోయిన కిరాయి లెక్క చెప్పేవాడు, మేము వినేవాళ్లం. పోయిన నెలలో ఒక కుటుంబం చేరింది. ఆయన కరెంటాఫీసులో లైన్‌మన్, సూర్యాపేట దిక్కు. పైకీ కిందికీ తిరిగి చూసి, దర్వాజ కింద నిలబడి అడ్వాన్సు డబ్బు లెక్కపెట్టాడు. తలెత్తి బిళ్లను చూశాడు. మేము చూస్తున్నామని ఆయనకు తెలుసు. ‘‘నల్లా దినాం వస్తదా, దినం విడిచి దినమా?’’ అనడిగాడు.